గుర్రాన్ని లేపడానికి గుర్రం చాలు

తొందరమ్మ నోరు జారింది సోమవారం పొద్దున, వంటింట్లో, ఒక చేత్తో పాలగిన్నె దించుతూ, ఇంకో చంకలో పిల్లాణ్ణి ఇరికించుకుని.

"శుక్రవారం మీ ఊరి బస్సు బయల్దేరే వేళకి నా రంగులరాట్నం తిరక్కపోతే, వీణ్ణి మీతోనే పంపించేస్తానత్తయ్యా! నా పని తెమిలేదాకా మీ దగ్గరే ఉంచుకోండి!"

కోపం అత్తగారి మీద కాదు, కంప్యూటర్ మీద. కానీ కంప్యూటర్ వంటింట్లో లేదు, అత్తగారు ఉంది. ఆవిడ కొన్నాళ్ళుగా అడుగుతూనే ఉంది, "నీకు ఊపిరాడ్డం లేదు, పిల్లాణ్ణి మేం తీసుకెళ్తాం, పని అయ్యాక తెచ్చుకుందువుగాని" అని. ఇన్నాళ్ళూ "చూద్దాం లెండి" అని దాటేస్తూ వచ్చిన కోడలు ఇవాళ తనంతట తానే మాటిచ్చేసరికి ఆవిడ గరిటె పక్కన పెట్టి, "సరేనమ్మా, నీ మాట ప్రకారమే కానీ" అంది. అని ఊరుకుందా? తిన్నగా గదిలోకి వెళ్ళి, అలమారా మీంచి సంచీ దించి, దుమ్ము దులిపి, బుల్లి చొక్కాలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

అన్న మాట వెనక్కి తీసుకుందామంటే తొందరమ్మకి అభిమానం అడ్డొచ్చింది.

తొందరమ్మ అనేది పెట్టిన పేరు కాదు, పడ్డ పేరు. ఆవిడగారు నెల ముందే భూమ్మీద పడింది. నడక రాకముందే పరిగెత్తి పళ్ళు రాలగొట్టుకుంది. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే మిగతా సగం తనే పూర్తి చేసేస్తుంది, అదీ తప్పుగా. ఇక పిల్లాడంటారా, వాడికీ ఏదో పేరుంది గానీ, నెత్తి మీద ఒక్క వెంట్రుకైనా లేకుండా పుట్టి, ఇప్పటికీ ఆ ఆస్తి కాస్తయినా పెంచుకోలేదు కనక ఇంటిల్లిపాదికీ వాడు గుండుగాడు. వాళ్ళ నాన్నది ఓడ మీద ఉద్యోగం, మనిషి ఎప్పుడూ నీళ్ళ మీదే. అందుకని తొందరమ్మ మళ్ళీ పనిలో చేరగానే ఇటు నుంచి వాళ్ళమ్మ, అటు నుంచి అత్తగారూ మామగారూ సాయానికి దిగారు. సాయం ఎక్కువైపోయి ఇంట్లో అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటు లేదు.

తొందరమ్మ కంపెనీ వాళ్ళు వినోదాల పార్కులకి యంత్రాలు బిగిస్తారు. ఈసారి తన వంతు వచ్చింది ఒక పాత రంగులరాట్నం. దానికి కొత్త మోటార్లు పెట్టారు, గుర్రానికొకటి చొప్పున. ఏ గుర్రం ఎప్పుడు పైకి లేవాలో, ఎప్పుడు దిగాలో, దీపాలు ఎప్పుడు మెరవాలో చెప్పే ప్రోగ్రాం రాయాలి. రాయాల్సిన భాష రస్ట్. తొందరమ్మకి అది కొత్త.

రస్ట్‌తో తంటా అంతా దాని కంపైలర్‌తోనే. మనం రాసింది చదివి యంత్రానికి అర్థమయ్యేట్టు మార్చిపెట్టేది అదే. తొందరమ్మకి అలవాటైన భాషల్లో అయితే ఎవరి వస్తువు ఎవరు వాడుతున్నారో పట్టించుకునే దిక్కు లేదు. ఇది మాత్రం ప్రతిదానికీ ఆరా తీస్తుంది. ఇదెవరిది? నీ సొంతమా, వాడుకుని తిరిగిచ్చేస్తానని ఎరువు తెచ్చుకున్నావా? ఎరువైతే చూసి ఇచ్చేస్తావా, లేక దాన్లో వేలు పెట్టి మారుస్తావా? జవాబు పొంతన కుదరకపోతే ఎర్రక్షరాలతో నాలుగు చీవాట్లు పెట్టి కూర్చోబెడుతుంది. కొత్త కోడల్ని నిలదీసే పాతకాలపు అత్తగారంటే అదేనని తొందరమ్మ అభిప్రాయం. ఆ మాట తన అత్తగారి ముందు అనలేదు, అంతవరకూ అదృష్టం.

రాట్నాన్ని ఒక స్ట్రక్ట్‌గా రాసుకుంది. అంటే ఒక్కో గుర్రం ఒక చిన్న మూట, ఆ గుర్రాలూ దీపాలూ వేగమూ అన్నీ కలిపి ఒకే పెద్ద మూటగా కట్టి, దానికి రాట్నం అని పేరు పెట్టింది. ఆ మూటతో చేసే పనులే మెథడ్లు: చూపించడం, తిప్పడం, గుర్రాన్ని లేపడం. ప్రతి మెథడూ రాట్నాన్ని ఎలా పుచ్చుకుంటుందో మొదటి వరసలోనే చెప్పాలి. ఉత్త 'సెల్ఫ్', అంటే ఆ మూట, అని రాస్తే ఏకంగా సొంతం చేసేసుకున్నట్టు. దాని ముందు '&' అనే అండ్ గుర్తు పెడితే చూడ్డానికి ఎరువు. ఆ రెంటి మధ్యన 'మ్యూట్' అని చేర్చితే మార్చడానికి ఎరువు. ఇదంతా తొందరమ్మ చదివింది. చదివినంత వేగంగానూ మర్చిపోయింది.

సోమవారం మధ్యాహ్నానికి తెర నిండా ఎరుపే. పిల్లాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్న తొందరమ్మ వాళ్ళమ్మ ఆగి చూసింది.

"ఏమంటోందే అది?"

"రాట్నం లేదంటోందమ్మా! ఇప్పుడే తెర మీద చక్కగా చూపించింది. ఇప్పుడు తిప్పమంటే, ఏ రాట్నం, ఎక్కడుంది అంటోంది."

"ఎటు పోయిందట?"

"చూపించే మెథడ్ మింగేసిందట."

"చూపించమంటే మింగడమేమిటే, విడ్డూరం కాకపోతే! నువ్వు దానికేం చెప్పావు?"

తొందరమ్మ తను రాసింది చూసుకుంది. చూపించడానికి ఉత్త 'సెల్ఫ్' ఇచ్చింది. అంటే ఒకసారి చూసి ఇస్తానన్నవాడికి ఇల్లు రాసిచ్చినట్టయింది. వాడు చూశాడు, పోతూ పోతూ దాన్నీ పట్టుకుపోయాడు. ఒక్క అండ్ గుర్తు పెట్టగానే ఎర్రక్షరాలు సగానికి సగం మాయమయ్యాయి. తొందరమ్మ కుర్చీలోంచి ఎగిరి, వాళ్ళమ్మ చేతుల్లోంచి గుండుగాణ్ణి లాక్కుని, వాడి నున్నటి తల మీద టపటపా నాలుగు ముద్దులు పెట్టింది. మిగిలిన సగం రేపటికి పోతాయనుకుంది. పోలేదు.

బుధవారం నాడు ఇంట్లో ఉపద్రవం వచ్చింది. గుండుగాణ్ణి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి అమ్మమ్మ ఎడమవైపు నుంచి మెత్తటి అరటిపండు పెడుతోంది. అది చాలదేమోనని నానమ్మ కుడివైపు నుంచి జావ పడుతోంది. ఇద్దరూ చూపు తిప్పకుండా పిల్లాడి నోటినే చూస్తున్నారు తప్ప రెండో చెంచాను పట్టించుకోలేదు. గుండుగాడు ఎవరినీ నొప్పించే రకం కాదు, ఇటొకసారి అటొకసారి నోరు తెరుస్తూ పోయాడు. చివరికి తొందరమ్మ వచ్చి వాణ్ణి ఎత్తుకుని కంప్యూటర్ ముందు కూర్చోగానే, తిన్నదంతా కీబోర్డు మీద కక్కి, తేలికపడి, కిలకిలా నవ్వాడు.

"నేను పెడుతున్నాను గదా వదినగారూ, మీకు కనబడలేదూ?" అంది అమ్మమ్మ.

"కనబడింది వదినగారూ. మీరు పెట్టేది వాడికి పంటి కిందకి కూడా రాదనీ..."

"వాడికి పళ్ళెక్కడివీ!"

కీబోర్డు తుడుస్తున్న తొందరమ్మకి చిర్రెత్తుకొచ్చింది. లేచి నిలబడి, తడిగుడ్డ జెండాలా పట్టుకుని ప్రకటించింది.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో రస్ట్ రూల్సే! పిల్లాణ్ణి ఎంతమందైనా చూడొచ్చు. కానీ వాడికి ఏదైనా చేసేవాళ్ళు ఒక్కరే ఉండాలి. ఒకరు చేస్తున్నంతసేపూ ఇంకొకరు చెయ్యి వెయ్యడం కాదు గదా, తొంగి చూడ్డానికి కూడా వీల్లేదు. చూసేవాళ్ళు ఉన్నంతసేపూ ఎవరూ ఏమీ చెయ్యకూడదు. అంతే!"

ఈ చట్టం అందరికీ తెగ నచ్చింది. ఎందుకంటే ఎవరికి వాళ్ళు ఇది రెండోవాళ్ళని ఉద్దేశించి పెట్టిందే అనుకున్నారు. "నాకిష్టమేనమ్మాయ్, వదినగారు గుమ్మంలో నిలబడితే స్నానం చేయించేటప్పుడు నా చెయ్యి వణుకుతుంది" అంది వాళ్ళమ్మ. అత్తగారు బుద్ధిగా తలూపింది. మామగారు పేపరు మడిచి, "చూడ్డానికైతే ఎవరికీ అడ్డు లేదు గదా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నారు.

మర్నాడు పొద్దున తొందరమ్మ కంపైలర్ పెట్టిన ఒక కొత్త తిట్టు దగ్గర ఆగిపోయింది. ముందున్న గుర్రం ఏదో కనుక్కుని, రాట్నాన్ని ఒక మెట్టు తిప్పి, ఆ తర్వాత ఆ గుర్రం నంబరు తెర మీద వెయ్యాలి. ఇందులో తప్పేముంది? నువ్వు ముందున్న గుర్రాన్ని ఇంకా చూస్తూనే ఉన్నావు, ఈలోగా రాట్నాన్ని ఎలా తిప్పుతావు అంటోంది కంపైలర్. "చూస్తే ఏం పోయిందీ, చూపులకే అరిగిపోతుందా!" అని తొందరమ్మ తెరతో పోట్లాడుతుండగా పక్క గదిలోంచి గుండుగాడి ఏడుపు ఇల్లెగిరిపోయేట్టు వినపడింది. ఒకటే పరుగు.

అక్కడి దృశ్యం ఇది. ఊయలలో గుండుగాడు తడిగుడ్డతో కాళ్ళు తన్నుకుంటూ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఊయల పక్కన కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మామగారు వాడి మొహంలోకి రెప్పవెయ్యకుండా చూస్తున్నారు. కాస్త దూరంలో అత్తగారు పొడిగుడ్డ పట్టుకుని మొహం గోడవైపు తిప్పుకుని నిలబడింది. తొందరమ్మ వాళ్ళమ్మ పౌడరు డబ్బాతో గుమ్మం బయటే ఆగిపోయింది.

"ఏమిటిది? గుడ్డ మార్చరేం!"

"ఎలా మార్చమంటావ్?" అంది అత్తగారు గోడతోనే మాట్లాడుతూ. "మీ మామయ్య చూస్తున్నారు. చూసేవాళ్ళుండగా ఎవరూ ఏమీ చెయ్యకూడదన్నావు గదా?"

"మామయ్యా, మీరు లేవచ్చు గదా?"

"నేను చూస్తున్నానంతే గదమ్మా! వేలైనా పెట్టలేదు. చూడ్డానికి అడ్డు లేదన్నావు."

"ఇందాకటి నుంచీ ఇదే వరస," అంది వాళ్ళమ్మ బయటి నుంచి. "అన్నయ్యగారూ, అయ్యిందా అంటే, ఇంకా లేదు అంటున్నారు."

తొందరమ్మకి ముందు నవ్వు ముక్కుల్లోంచి వచ్చింది, తర్వాత పొట్టలోంచి, చివరికి గోడ పట్టుకుని నేల మీద కూలబడాల్సి వచ్చింది. ఆ నవ్వు చూసి గుండుగాడు కూడా ఏడుపు మధ్యలో ఆపి ఆలోచనలో పడ్డాడు. కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"అసలు ఏం చూస్తున్నారు మామయ్యా?"

"పన్నమ్మా! కింది చిగురులో తెల్లగా ఏదో కనబడుతోంది. పన్నా, పాలచారా తేలాలి. వీడు నోరు నిలకడగా ఉంచడు."

"తేలితే లేచిపోతారా?"

"తేలాక ఇంకా ఇక్కడేం పని? ఓడకి ఫోన్ చేసి మీ ఆయనకి చెప్పొద్దూ?"

తొందరమ్మ చూపుడు వేలు గుండుగాడి నోట్లో పెట్టింది. వాడు కసుక్కున కొరికాడు.

"పన్నే మామయ్యా!"

మామగారు కుర్చీ తన్నుకుంటూ ఫోన్ కోసం పరిగెత్తారు. అత్తగారు ఒక్క అంగలో ఊయల దగ్గరికి దూకింది. తొందరమ్మ మాత్రం నేల మీంచి లేవకుండా నోరు తెరుచుకుని కూర్చుంది. మామయ్యకి కావలసింది పన్ను వచ్చిందా లేదా అన్న ఒక్క కబురు. అది చేతికందితే పిల్లాణ్ణి పట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. తనకి మాత్రం గుర్రంతో పనేమిటి? దాని నంబరు చాలు. నంబరు రాసుకుని గుర్రాన్ని వదిలేస్తే రాట్నం హాయిగా తిరుగుతుంది!

వెళ్ళి మార్చింది. ఆ తిట్టు పోయింది. గదిలో ఒంటికాలి మీద గంతులేసింది.

ఆ ఊపులోనే ఇంకో వింత జరిగింది. గుడ్డ మార్చాక గుండుగాణ్ణి చాప మీద పడుకోబెట్టి అత్తగారు తలకి నూనె రాస్తోంది. ఆ తలకి నూనె దేనికో ఆవిడకే తెలియాలి. అదే సమయంలో తొందరమ్మ వాళ్ళమ్మ వాడి కాలి గోళ్ళు తీస్తోంది. రూల్ తప్పారని తొందరమ్మ గయ్యిమనబోతే ఇద్దరూ ఒక్కటైపోయారు.

"తల నాది, కాళ్ళు మీ అమ్మవి. ఆవిడ జోలికి నేను పోలేదు, నా జోలికి ఆవిడ రాలేదు."

"నువ్వూ నీ రూలూ! పిల్లాణ్ణంతా పట్టుకుంటే గదా తగువు?"

తొందరమ్మ మళ్ళీ కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తింది. దీపాల్ని మెరిపించే మెథడ్ రాట్నాన్నంతా అడుగుతోంది. రాట్నాన్ని వదిలి తిన్నగా దీపాల్ని మాత్రమే పుచ్చుకుంటే? గుర్రాలు ఒకవైపు, దీపాలు ఒకవైపు. కంపైలర్ గుట్టుచప్పుడు కాకుండా ఒప్పేసుకుంది. గురువారం సాయంత్రానికి మిగిలింది ఒకే ఒక్క తప్పు.

ఆ ఒక్కటే కొరకరాని కొయ్య అయింది. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఏం చేసినా కదల్లేదు. పార్కులో మెకానిక్ రాట్నం పక్కన ఫోన్ కెమెరా నిలబెట్టి, "ఎప్పుడంటే అప్పుడు రెడీ మేడమ్" అంటున్నాడు. ఇంట్లో మామగారు బూట్లు వేసేసుకున్నారు. గుమ్మం పక్కన పెద్ద పెట్టె, దాని మీద బుల్లి చొక్కాల సంచీ. ఆ సంచీ కనబడకుండా తొందరమ్మ కుర్చీ గోడవైపు తిప్పుకుంది.

కుర్చీలో ఉండలేక లేచి పక్క గదిలోకి వెళ్ళింది. అత్తగారి ఒళ్ళో గుండుగాడు మత్తుగా కళ్ళు వాలుస్తున్నాడు. "వీణ్ణిలా ఇవ్వండత్తయ్యా, వీడు దగ్గరుంటే గానీ నా బుర్ర పనిచెయ్యదు" అని ఎత్తుకొచ్చేసింది. వాణ్ణి మోకాలి మీద కూర్చోబెట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, ఒక తిట్టుని మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా చదివింది. ఇన్నాళ్ళూ మొదటి వరస చూడగానే మిగతాది తనే ఊహించేసుకునేది.

"విను నాన్నా. గుర్రాల వరస ఇప్పటికే మార్చడానికని నీ చేతిలో ఉంది అంటోంది. సరే, ఉంది, ఒక్కొక్కదాన్నీ తీస్తున్నాను. మళ్ళీ ఇక్కడ మొత్తం రాట్నాన్ని మార్చడానికి ఎరువడుగుతున్నావేం అంటోంది. ఎక్కడడిగానురా? ఇదిగో, ఇక్కడ బాణం గుర్తు వేసింది. లేపు. లేపడం అనేది రాట్నం పనిగా రాశాను. గుర్రాన్ని లేపమని రాట్నానికి చెబుతున్నాను. ఎందుకూ..."

ఆగిపోయింది.

"ఒరేయ్! గుర్రాన్ని లేపడానికి రాట్నం అంతా ఎందుకురా! గుర్రాన్ని లేపడానికి గుర్రం చాలు!"

'లేపు' మెథడ్‌ని రాట్నం మూటలోంచి పీకి గుర్రం మూటలో పెట్టింది. కంపైల్ నొక్కింది. తెర మీద ఎరుపు లేదు. ఎక్కడా లేదు. కింది దాకా జరిపి చూసింది, లేదు. ప్రోగ్రాం పార్కుకి పంపేసింది.

"తిప్పండి!" అని అరిచిన అరుపుకి అవతల మెకానిక్ ఫోన్ జారవిడిచాడు. మళ్ళీ నిలబెట్టేసరికి తెర మీద పసుపు గుర్రం ఒకటి మెల్లిగా పైకి లేచింది. దాని వెనక నీలిది. ఆ వెనక చెవి విరిగిన తెల్లది. ఒకటి లేస్తుంటే ఒకటి దిగుతూ, దీపాలు మిలమిలలాడుతూ, రాట్నం గిరగిరా తిరిగింది. వాళ్ళమ్మ చప్పట్లు కొట్టింది. మామగారు బూట్లతోనే తైతక్కలాడారు. తొందరమ్మ గుండుగాణ్ణి గాల్లోకి ఎగరేసి పట్టుకుంది. "నెగ్గాం రా! నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు!"

గదంతా చూస్తే అత్తగారు లేదు.

ఆవిడ గుమ్మం దగ్గర పెట్టె మీద కూర్చుని, సంచీలోంచి బుల్లి చొక్కాలు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంటోంది. కోడల్ని చూసి నవ్వడానికి ప్రయత్నించింది.

"నెగ్గావమ్మా. సంతోషం. ఇవి అలమారాలో పెట్టేసుకో."

తొందరమ్మ సంబరం ఒక్కసారిగా జావగారిపోయింది. నెగ్గానని ఎగురుతోంది గానీ, పందెంలో పెట్టింది పిల్లాణ్ణి. తన కోపానికి వాణ్ణి ఇంకొకరికి రాసిచ్చేయబోయింది. కంపైలర్ అయితే ముందే అడ్డుపడి ఉండేది, నోటికి అలాంటిదేమీ లేదు. సిగ్గేసింది. పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, వీణ్ణి తీసుకెళ్తానని అన్నిసార్లు అడిగారు. తీసుకెళ్ళి ఏం చేద్దామనుకున్నారు?"

"ఏం చేస్తాను? అందరు నానమ్మలూ చేసేదే."

"అది కాదు. అసలు మీకేం కావాలి? అన్నింట్లోకీ ముఖ్యంగా."

అత్తగారు ఒక చొక్కా గుండీ పెట్టింది, తీసింది.

"చెబితే నవ్వుతావు. ఇక్కడికొచ్చాక వాడు నా ఒళ్ళో ఒక్కసారైనా నిద్రపోలేదమ్మా. కళ్ళు వాలే వేళకి ఎవరో ఒకరు వచ్చి ఎత్తుకుపోతారు. మా ఇంట్లో అయితే ఎత్తుకుపోయేవాళ్ళుండరు గదా అని..."

ఎవరో ఒకరు అని ఆవిడ మర్యాదకి అంది. ఆ ఎవరో ఎవరన్నది తొందరమ్మకి తెలుసు. సాయంత్రాలు, మధ్యాహ్నాలు, ఇందాక, ప్రతిసారీ తనే. వీణ్ణిలా ఇవ్వండి అనడం, సమాధానం రాకముందే వాడు తన చంకలో ఉండడం. నిద్రపోయేవాణ్ణి ఎన్నిసార్లు అలా లాక్కుందో తల్చుకుంటే ఏడుపొచ్చింది.

గుండుగాణ్ణి తన చంకలోంచి తీసి అత్తగారి ఒళ్ళో, ఆ చొక్కాల మీదే పడుకోబెట్టింది.

"బస్సమ్మా," అన్నారు మామగారు గడియారం చూసుకుంటూ. వాళ్ళమ్మ ఆయన చెయ్యి పట్టుకుని వంటింటివైపు లాగింది. "బస్సులకేం కరువన్నయ్యగారూ, ఇంకోటొస్తుంది. వచ్చి కాఫీ తాగండి."

అత్తగారు మోకాలు మెల్లిగా ఊపసాగింది. గుండుగాడు కాసేపు గుండీతో ఆడి, ఆవిడ కొంగు గుప్పిట్లో పట్టుకుని, పెద్దగా ఆవులించి, కళ్ళు మూశాడు. ఊపిరి బరువెక్కింది. చొంగ కారుతున్న మూతి, ఎర్రటి చెవులు, నూనె మెరుస్తున్న గుండు. తొందరమ్మకి వాణ్ణి ఎత్తుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. తెలియకుండానే ముందుకి వంగింది.

అత్తగారు గబుక్కున తలెత్తి చూసింది, తీసుకుంటుందేమోనని.

తొందరమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది.